గొంతును మరుగున నిలిపిన గాయని: అకినా నకమోరి ‘ఫుషిగి’

‘ఫుషిగి’ ఆల్బమ్‌ను మొదటిసారి వింటున్నప్పుడు, పాట మొదలైన అర నిమిషానికే ఇయర్‌ఫోన్ పిన్ను బయటికి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. డ్రమ్స్ గట్టిగా మోగుతున్నాయి, సింథసైజర్లు రెండు చెవుల్లోనూ నిండిపోయాయి, పాడే మనిషి గొంతు మాత్రం ఎక్కడో గోడకు అవతలి నుంచి వస్తున్నట్టుంది. 1986 ఆగస్టు 11న వార్నర్ పయనీర్ సంస్థ ఈ ఆల్బమ్‌ను విడుదల చేసినప్పుడు జపాన్‌లో దాన్ని కొన్నవారికీ ఇలాంటి అనుమానమే వచ్చింది. రికార్డులో ఏదో లోపం ఉందంటూ కంపెనీకి ఫిర్యాదులు వెళ్ళాయి. లోపమేమీ లేదు. గొంతు అలా దూరంగా వినిపించాలని కోరింది పాడిన అకినా నకమోరియే.

ఆమె అప్పటికి ఎంత ఎత్తున ఉందో తెలిస్తే గాని ఈ నిర్ణయం బరువు అర్థం కాదు. టెలివిజన్ పాటల పోటీలో గెలిచి 1982లో తొలి పాటతో వచ్చిన నకమోరి, 1985లో ‘మి అమోరే’ పాటకు జపాన్ రికార్డ్ అవార్డు అందుకుంది. 1986 ఫిబ్రవరిలో వచ్చిన ‘డిజైర్’ పాట ఆ ఏడాది చివర అదే అవార్డును వరుసగా రెండోసారి తెచ్చిపెట్టింది. ఐడల్ అని పిలిచే యువగాయనులకు ఏ పాట పాడాలో, ఏ దుస్తులు వేయాలో, ఎలా నవ్వాలో కంపెనీవారు నిర్ణయించే రోజులవి. అభిమానులు డబ్బు పెట్టి కొనేది ప్రధానంగా ఆ గొంతునే. అలాంటి కాలంలో ఇరవై ఒక్కేళ్ళ గాయని నిర్మాణ బాధ్యతను తానే తీసుకుని, తనకు పేరు తెచ్చిన గొంతునే వాద్యాల వెనక్కి నెట్టమని చెప్పడం మామూలు తెగువ కాదు. పైగా ఆల్బమ్‌తో పనిలేకుండా విడిగా విడుదలై, అప్పటికే జనాదరణ పొందిన సింగిల్ పాటల్లో ఒక్కదాన్నీ ఇందులో చేర్చలేదు. అయినా ఆల్బమ్, జపాన్‌లో రికార్డుల అమ్మకాలను లెక్కించే ఓరికాన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

‘ఫుషిగి’ అంటే విచిత్రం, అంతుచిక్కనిది. పేరుకు తగ్గట్టే ఇందులోని పది పాటలూ సాగుతాయి. పాటను మిక్స్ చేసేటప్పుడు, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ కలిపేటప్పుడు, గొంతును అన్నిటికంటే ముందు, సరిగ్గా మధ్యలో నిలబెట్టడం ఆనవాయితీ. ఇక్కడ దాని స్థాయిని తగ్గించి, రివర్బ్, అంటే ప్రతిధ్వని, బాగా పెంచారు. అలా చేసినప్పుడు ముందుగా కరిగిపోయేవి హల్లులు. మిగిలేవి అచ్చులు, అవి ఒకదానిలోకి ఒకటి సాగి, మాట ఆగిన తరువాత కూడా కొంతసేపు గాలిలో నిలుస్తాయి. తెలుగులాగే జపనీస్‌లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి కాబట్టి, అర్థం అందకపోయినా ఆ సాగుదల మన చెవికి కొత్తగా అనిపించదు. ‘మారియోనెట్’ పాటను నేను వరుసగా నాలుగుసార్లు విన్నాను. మొదటిసారి ఒక్క మాటా పట్టుకోలేకపోయాను. నాలుగోసారి మాటల కోసం వెతకడం మానేసి, ఆ గొంతును ఆలాపనలా వినడం మొదలుపెట్టాను. పాట నాకు దొరికింది అప్పుడే.

ఈ ఆల్బమ్‌కు ఆయువుపట్టు యూరాక్స్ అనే బృందం. మామూలు రాక్ కంటే సంక్లిష్టంగా సాగే ప్రోగ్రెసివ్ రాక్ సంగీతం వైపు నుంచి వచ్చిన ఈ కళాకారులు అంతకుముందు ‘గేలియంట్’ అనే యానిమేషన్ ధారావాహికకు టైటిల్ పాట చేసినవారు. ‘బ్యాక్ డోర్ నైట్’, ‘లాబిరింత్’ పాటల్లో వాద్యాలు గాయనికి దారి ఇచ్చి పక్కకు తప్పుకోవు; ఆమెతో సమానంగా, ఒక్కోసారి ఆమెను మించి నడుస్తాయి. ‘ఓకిబి’ అనే నెమ్మదైన పాట దగ్గర ఈ పద్ధతి నన్ను బాగా కదిలించింది. ఓకిబి అంటే మంట ఆరాక బొగ్గుల్లో మిగిలే నిప్పు. నివురుగప్పిన నిప్పు అని మనం అనుకునే దాన్ని చెవితో వినగలిగితే ఇలాగే ఉంటుందేమో. గొంతులో వేడి తగ్గలేదు, దాని పైన పొర మాత్రమే కప్పారు.

ఆల్బమ్ అంతా ఇంత నిండుగా ఉందని మాత్రం అనలేను. ‘న్యూ జెనరేషన్’ వంటి హుషారైన పాటకు ఇంత ప్రతిధ్వని నప్పలేదు. ఆ బాణీకి కావలసిన చురుకుదనాన్ని అది మింగేసింది. పది పాటలకూ దాదాపు ఒకే మోతాదులో అదే ముసుగు వేయడం వల్ల, ఒకే ఊపున వింటే రెండో సగానికి వచ్చేసరికి చెవి అలసిపోతుంది. రెండు మూడు పాటల్లో గొంతును కాస్త దగ్గరికి తెచ్చి ఉంటే మిగతా పాటల దూరం మరింత బలంగా తాకేది. 1988లో వచ్చిన ‘వండర్’ అనే చిన్న ఆల్బమ్‌లో ఇక్కడి పాటలు కొన్ని గొంతు స్పష్టంగా వినిపించేలా మళ్ళీ వచ్చాయి. అవి వినడానికి హాయిగా ఉన్నాయి, మాటలు తెలుస్తున్నాయి, కానీ ఆ చీకటి పోయింది. ఈ రెండింటిలో నేను తిరిగి తిరిగి వినేది ‘ఫుషిగి’నే.

నకమోరిని ఇదివరకు విననివారు ముందుగా ‘డిజైర్’ వినాలి. ఆ గొంతు అసలు బలం ఎంతో తెలిశాకే, ఇక్కడ ఆమె దేన్ని దాచిందో తెలుస్తుంది. ఆ తరువాత అదే 1986 డిసెంబరులో వచ్చిన ‘క్రిమ్సన్’ కూడా వినవలసినదే. దాదాపు గుసగుసలా పాడిన ఆ ఆల్బమ్‌ను ‘ఫుషిగి’ పక్కన పెట్టి చూస్తే, తన గొంతుతో ఏమేమి చేయవచ్చో ఆమె ఆ ఏడాదంతా ఎంత పట్టుదలగా వెతికిందో కనిపిస్తుంది.

‘ఫుషిగి’ని ఫోన్ స్పీకర్లో వినవద్దని నా మనవి. ఆ చిన్న స్పీకర్లో గొంతు పూర్తిగా మాయమై, వట్టి చప్పుడే మిగులుతుంది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రాత్రి ఇల్లు సద్దుమణిగాక, శబ్దాన్ని మామూలు కంటే రెండు గీతలు పెంచి వినండి. మొదటి రోజుకు ‘బ్యాక్ డోర్ నైట్’ నుంచి ‘మారియోనెట్’ వరకు ఉన్న నాలుగు పాటలు చాలు.