సీఎస్ఎస్ బ్లర్‌తో ఏడేళ్ల కాపురం

వెబ్ పేజీలు కట్టడం నా పని. పేజీ రూపాన్ని దిద్దే భాష సీఎస్ఎస్‌లో, మసక చేసే బ్లర్‌ని ఏడేళ్లుగా, వారానికి ఒకసారైనా వాడుతూనే ఉన్నాను. పెట్టడానికి ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైను మింగేసిన సాయంత్రాలు మాత్రం చాలానే ఉన్నాయి.

ఇందులో రెండు రకాలున్నాయి. ఫిల్టర్ అనేది ఏ ఎలిమెంట్‌కి (పేజీలోని ఒక భాగానికి) పెడితే దాన్నే మసక చేస్తుంది. బ్యాక్‌డ్రాప్ ఫిల్టర్ ఆ ఎలిమెంట్ వెనక కనిపించేదాన్ని మసక చేస్తుంది, ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు. మొదటిదానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. రెండోదానికి మూడు, అదీ మొహమాటానికి.

ఫిల్టర్‌తో కొత్తవాళ్లందరికీ ముందుగా తగిలేది అంచుల గొడవ. బ్యానర్ వెనక ఫొటోకి 20 పిక్సెల్స్ బ్లర్ పెడతాం. మధ్యలో బాగానే ఉంటుంది కానీ నాలుగు అంచులూ పలచబడి, వెనకున్న తెలుపు బయటపడుతుంది. ప్రతి పిక్సెల్ తన చుట్టుపక్కల రంగులను కలుపుకుంటుంది, అంచు దాటితే కలుపుకోడానికి ఏమీ ఉండదు, అదీ సంగతి. ఫొటోని 1.1 రెట్లు పెంచి, బయటి డబ్బాకి, పొంగి బయటికొచ్చేదాన్ని దాచే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టమని అందరూ చెప్తారు. నేనూ చాలాకాలం అదే చేశాను. కానీ బ్రాకెట్లో మనం రాసే 20 అనేది మసక ఎంత దూరం పాకుతుందో చెప్పే కొలత కాదు, దూరం పెరిగేకొద్దీ రంగు వాటాని తగ్గించే గాసియన్ లెక్కలోని స్టాండర్డ్ డీవియేషన్. మసక దానికి దాదాపు మూడింతల దూరం, అంటే 60 పిక్సెల్స్ దాకా వెళ్తుంది. 400 పిక్సెల్స్ కార్డుని 1.1 రెట్లు చేస్తే ఒక్కో పక్క వచ్చేది 20 పిక్సెల్సే. ఎక్కడ చాలుతుంది? అందుకే ఇప్పుడు రెట్ల లెక్క మానేసి, ఫొటోని అన్ని వైపులా 60 పిక్సెల్స్ బయటికి జరిపేస్తున్నాను. అన్నట్టు, డబ్బాకి నీడ వేసే బాక్స్ షాడోలో లెక్క వేరు: అక్కడ రాసే 20, ఇక్కడ రాసే 10తో సమానం. రెండూ పక్కపక్కన పెట్టి ఎందుకు కలవట్లేదా అని నేను తల పట్టుకున్న రోజులున్నాయి.

అసలు దెబ్బ హెడర్ దగ్గర తగిలింది. అప్పటిదాకా చక్కగా పనిచేస్తున్న పేజీ అది. హెడర్‌కి గాజు లుక్ కావాలన్నారు, బ్యాక్‌డ్రాప్ ఫిల్టర్ ఒక్క లైను కలిపాను. ఫోన్‌లో మెనూ నొక్కితే స్క్రీనంతా పరుచుకోవాల్సింది, హెడర్ 64 పిక్సెల్స్ ఎత్తులోనే ఇరుక్కుపోయింది. ఏది పైన కనపడాలో చెప్పే జెడ్ ఇండెక్స్ మీద అనుమానంతో దాన్ని 9999 దాకా తీసుకెళ్లాను. రెండు గంటలు గడిచాక విషయం అర్థమైంది: ఒక ఎలిమెంట్‌కి ఫిల్టర్ గానీ బ్యాక్‌డ్రాప్ ఫిల్టర్ గానీ పెడితే, దాని లోపలున్న పొజిషన్ ఫిక్స్‌డ్ (స్క్రీన్‌కే అతుక్కోమని చెప్పిన) వాటికి ఇక స్క్రీన్‌తో సంబంధం ఉండదు, ఆ ఎలిమెంటే హద్దు. బ్లర్‌ని హెడర్ నుంచి తీసేసి, దాని బిఫోర్ సూడో ఎలిమెంట్‌కి (సీఎస్ఎస్ తనే పుట్టించే ఉత్తుత్తి భాగానికి) మార్చాను. మెనూ దారికొచ్చింది. గాజు హెడర్‌లో గాజు డ్రాప్‌డౌన్ పెడితే లోపలిది మసకబారకుండా మొండికేస్తుంది కదా, దానికీ ఇదే మందు.

బ్రౌజర్ల విషయం ఇప్పుడు పెద్ద టెన్షన్ కాదు. బ్యాక్‌డ్రాప్ ఫిల్టర్ క్రోమ్‌కి 2019లో 76వ వెర్షన్‌తో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌కి 2022లో 103తో. సఫారీలో అంతకు చాలా ముందే ఉన్నా, పేరు ముందు వెబ్‌కిట్ అనే ప్రిఫిక్స్ తగిలించకుండా పనిచేసింది 2024లో వచ్చిన 18 నుంచే. పాత ఐఫోన్ల కోసం ప్రిఫిక్స్ లైను నేనింకా రాస్తున్నాను. బ్లర్ పడకపోయినా అక్షరాలు చదవగలిగేలా బ్యాక్‌గ్రౌండ్ రంగుని కనీసం 0.75 దట్టంగా ఉంచుతాను. గాజులా లేదని డిజైనర్లు గునుస్తారు. గునవనీ.

వేగం మాటకొస్తే, కదలకుండా ఉండే చిన్న బ్లర్‌తో ఇబ్బంది లేదు. స్క్రీనంతా పరుచుకున్న గాజు వెనక పేజీ స్క్రోల్ అవుతుంటే మాత్రం బ్రౌజర్ ప్రతి ఫ్రేముకీ లెక్క మళ్లీ మొదలుపెట్టాలి, తక్కువ రకం ఫోన్లు నత్తనడక నడుస్తాయి. బ్లర్‌ని 0 నుంచి 20కి యానిమేట్ చేయడం నేను మానేశాను. ముందే మసకబార్చిన కాపీని పైన పెట్టి, దాని ఒపాసిటీని, అంటే దట్టాన్ని, మారుస్తాను. చూసేవాళ్లకి తేడా తెలీదు.

ఒక క్లయింటు డాష్‌బోర్డులో, డబ్బు కట్టనివాళ్లకి కొన్ని అంకెలు కనపడకూడదంటే బ్లర్ పెట్టి చేతులు దులుపుకున్నాను. టెస్టింగ్ చూసే అమ్మాయి కంట్రోల్ ఏ, కంట్రోల్ సి కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, ఆ ఫైలు నాకే పంపింది. ప్రతి అంకే శుభ్రంగా ఉంది! స్క్రీన్ రీడర్ అయితే గట్టిగా చదివి వినిపించింది కూడా. ఇప్పుడు అలాంటి చోట సర్వర్ నుంచే ఉత్తుత్తి అంకెలు పంపి, వాటికి, స్క్రీన్ రీడర్ చదవకుండా ఆపే ఏరియా హిడెన్ పెట్టి, ఆ పైన బ్లర్ వేస్తున్నాను.

ఇన్నాళ్ల తర్వాత కూడా బ్లర్ మీద మనసు విరగనివ్వనిది ఒక చిన్న వాడకం. పెద్ద ఫొటో వచ్చేలోపు, 20 పిక్సెల్స్ వెడల్పున్న దాని బుల్లి కాపీని సాగదీసి 10 పిక్సెల్స్ బ్లర్‌తో చూపిస్తాను. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఖాళీ బూడిదరంగు డబ్బాకి బదులు రంగులు ముందే వచ్చి కూర్చుంటాయి, మెల్లగా అందులోంచి మొహాలు తేలుతాయి.