కాజీపేట నుంచి డోర్నకల్ దాకా: పాత స్టేషన్ల వెంట మూడు రోజులు

వరంగల్ వచ్చేవాళ్లు వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప చూసి వెళ్తారు. నేను ఈసారి స్టేషన్లు చూడటానికే వెళ్లాను. సికింద్రాబాద్ వైపు నుంచి రైలు వరంగల్‌కు 1886లో, బెజవాడకు 1889లో చేరింది. ఇల్లెందు బొగ్గు కోసం డోర్నకల్ దగ్గర మరో దారి చీలింది. 1920ల చివర్లో బల్లార్షా లైను పూర్తయ్యాక కాజీపేట పెద్ద కూడలి అయింది. ఈ ప్రాంతం బతుకులో ఇంత భాగమైన కట్టడాలను మనం పాత గోడలుగా చూస్తున్నామనే బాధతోనే బయలుదేరాను.

బస విషయం ముందే చెబుతాను. మొదటి రాత్రి స్టేషన్‌కు దగ్గరని ఒక లాడ్జిలో దిగాను. రెండుసార్లు అడిగితే గానీ దుప్పటి మార్చలేదు, తెల్లవార్లూ హారన్ల మోత. మర్నాడు హనుమకొండ చౌరస్తా వైపు మారాను. అద్దె కొంచెం ఎక్కువే అయినా గది శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడినీళ్లు వచ్చాయి. కాజీపేటకు సిటీ బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి కాబట్టి కుటుంబంతో వచ్చేవాళ్లు అక్కడే దిగడం మేలు.

వరంగల్ స్టేషన్ 2025 మేలో అమృత్ భారత్ పథకం కింద కొత్త రూపంతో ప్రారంభమైంది. కాకతీయ శిల్పాల పోలికలతో ముఖద్వారం చూడముచ్చటగా ఉంది. ఆ గోడల మీదే పట్టాలు వేసిన కూలీల కథకూ కాస్త చోటు దొరకాలని నా కోరిక.

నా మనసు నిలిచిపోయింది మాత్రం డోర్నకల్ దారిలోని ఒక చిన్న స్టేషన్ దగ్గర. పేరు రాయవద్దని అక్కడ పనిచేసేవాళ్లు కోరారు. రిటైరైన రైల్వే ఉద్యోగులు, కాలేజీ పిల్లలు కలిసి అధికారుల అనుమతి తీసుకుని, ఆదివారాలు అక్కడి పాత రాతిగదిని బాగుచేస్తున్నారు. పట్టాల వైపు ఎవరూ వెళ్లరు, పనంతా గది వెనకే.

గోడ పగులులో రావిమొక్క మొలిచింది. నేను పీకబోతే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన చేయి పట్టుకున్నారు. "పీకితే రాయి కూడా ఊడి వస్తుంది బాబూ. కాండం కోసి, వేరు ఎండేదాకా ఆగాలి" అన్నారు. తర్వాత ఆ సందును గానుగ సున్నంతో పూడుస్తారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం కలిపిన సున్నాన్ని తొట్టిలో మగ్గబెట్టారు. దగ్గరికి వెళ్తే తియ్యని పులుపు వాసన. సిమెంటు ఎందుకు వాడకూడదో అక్కడే అర్థమైంది. సిమెంటు పూస్తే గోడలోని తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, కొన్నేళ్లకు రాయి పొరలు పొరలుగా రాలుతుంది. లక్షలు పోసి సిమెంటు పూతతో పాడుచేసిన పాత కట్టడాలు ఎన్ని చూశామో!

ఒక అమ్మాయి ఇనుప బెంచీ రంగును ఓపికగా గీకుతోంది. పైన పచ్చ, దాని కింద ఎరుపు, ఆ కింద బూడిద. చివరికి ఎన్.ఎస్.ఆర్. అనే పోత అక్షరాలు తేలాయి. నిజాం స్టేట్ రైల్వే! 1930లో నిజాం ప్రభుత్వం, అప్పటిదాకా రైల్వేను నడిపిన కంపెనీ నుంచి దాన్ని తీసుకుంది, కాబట్టి బెంచీ ఆ తర్వాతిదే అయివుంటుందని ఆ అమ్మాయే లెక్క కట్టి చెప్పింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఇలాంటి శ్రమ వృథా పోదు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు రావడం వెనుక కాకతీయ హెరిటేజ్ ట్రస్టు చేసిన కృషి ఈ జిల్లాలో అందరికీ తెలుసు. గుడికి దక్కిన శ్రద్ధలో పదో వంతు స్టేషన్లకు దక్కినా చాలు.

డోర్నకల్ దిగితే ఎపిఫనీ కథీడ్రల్ అనే పెద్ద చర్చి తప్పక చూడండి. 1939లో ప్రతిష్ఠించారు. గుడి, మసీదు, చర్చి పోకడలు మూడూ ఒకే కట్టడంలో కలిశాయి. నేను గంటసేపు అక్కడే కూర్చున్నాను. ఈ దారిలో ప్యాసింజర్ రైళ్లు తక్కువ, ముందుగా వేళలు చూసుకుని, మంచినీళ్లు, టిఫిన్ వెంట తీసుకెళ్లండి.

నేను మళ్లీ వెళ్తున్నాను. వచ్చే ఆదివారానికి సున్నం సిద్ధమవుతుందట. వచ్చేటప్పుడు నార బ్రష్షులు నాలుగు తెమ్మన్నారు, ఇనుపవి తేవద్దని రెండుసార్లు చెప్పారు.