బడిలో చేర్చడమా, చదవడం నేర్పడమా: శాంతా సిన్హా, మాధవ్ చవాన్‌ల దారులు

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా 1990ల ఆరంభం నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేస్తూ, బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కించాలన్న సూత్రానికి కట్టుబడ్డారు. పగలు పని, రాత్రి చదువు అనే రాజీకి ఆమె ఒప్పుకోలేదు. పశువుల వెంట, పొలం పనుల వెంట తిరిగే పిల్లలను కొన్ని నెలలు వసతి శిబిరాల్లో ఉంచి, చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో ప్రభుత్వ బడిలోనే చేర్పించారు. ఇందుకోసం తల్లిదండ్రులనూ, పనిలో పెట్టుకున్నవారినీ ఒప్పించడానికి ఊరి యువకులే ముందుకొచ్చారు.

రసాయన శాస్త్రం చదివిన మాధవ్ చవాన్, ఫరీదా లాంబేతో కలిసి ముంబయి మురికివాడల్లో 1995లో ప్రారంభించిన ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మరో ప్రశ్న వేసింది: బడికి వెళ్తున్న బిడ్డకు చదవడం వస్తోందా? పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో కొలవడానికి ప్రథమ్ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో కార్యకర్తలు ఇంటికే వెళ్లి ఒక కాగితం చూపిస్తారు. అందులో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ప్రథమ్ బోధన కూడా తరగతిని బట్టి కాక, బిడ్డ ఆగిపోయిన మెట్టు నుంచే సాగుతుంది.

నా మటుకు సిన్హా దారికే మొదటి స్థానం ఇస్తాను, ఎందుకంటే పొద్దంతా పనిలో ఉండే బిడ్డకు ఎంత మంచి బోధనా పద్ధతీ అందదు. అయితే హాజరు పట్టీలో పేరుంటే చాలనుకునే ధోరణిని ప్రశ్నించే బలాన్ని చవాన్ కొలతలే ఇచ్చాయి. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు సిన్హా తొలి అధ్యక్షురాలయ్యారు. బడి బయటి పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం నిర్దేశించింది.