లీట్రిమ్ పల్లె బస్సు: ప్రయాణం హాయిగానే ఉంది, ఎదురుచూపే కష్టంగా ఉంది

ఐర్లండ్ వాయవ్య ప్రాంతంలోని లీట్రిమ్ కౌంటీకి ఉద్యోగం మీద రాబోయే తెలుగువారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ కారు లేకుండా బతకగలమా? నేను ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాను. రెండేళ్లుగా వారానికి మూడు నాలుగు రోజులు డ్రమ్‌షాన్‌బోకూ కారిక్-ఆన్-షానన్‌కూ మధ్య గ్రామీణ బస్సులోనే తిరుగుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, బతకవచ్చు. అయితే బస్సు వేళలను బట్టి మన రోజును మలచుకోగలగాలి, వానలో నిలబడే ఓపికా ఉండాలి. ఈ రెండో షరతు గురించే నేను ఎక్కువగా రాయదలచుకున్నాను. బస్సులోకి ఎక్కాక దొరికే సేవకూ, ఎక్కేముందు రోడ్డు పక్కన గడిపే సమయానికీ మధ్య చాలా అంతరం ఉంది.

ముందు కౌంటీ సంగతి తెలిస్తే తప్ప ఈ బస్సు విలువ అర్థం కాదు. సుమారు 1,590 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉన్న లీట్రిమ్‌లో 2022 జనగణన నాటికి ఉన్నది దాదాపు 35 వేల మంది మాత్రమే. ఐర్లండ్ రిపబ్లిక్‌లోని కౌంటీలన్నింటిలోకీ ఇదే తక్కువ జనాభా. బంగాళాదుంప పంట నాశనమై వచ్చిన మహా క్షామానికి ముందు, 1841లో, ఇదే నేల మీద లక్షా 55 వేల మంది ఉండేవారు. ఇప్పుడు మిగిలినవారిలో చాలామంది ఊళ్లలో ఒకచోట గుమిగూడి ఉండరు. సన్నని దారుల చివర, పచ్చిక బీళ్ల మధ్య, ఒక్కొక్క ఇల్లూ విడివిడిగా ఉంటుంది. బాలినమోర్ కేంద్రంగా మూడడుగుల గేజు మీద నడిచిన కావన్ అండ్ లీట్రిమ్ రైల్వే 1887లో మొదలై 1959లో మూతపడింది. డ్రమ్‌షాన్‌బో మీదుగా ఆరిగ్నా గనుల బొగ్గును మోసిన ఆ చిన్న రైలు పోయాక, కారు కొనలేనివారికీ నడపలేనివారికీ ఇరుగుపొరుగు దయే ఆధారమైంది. ఇప్పుడు లోకల్ లింక్ పేరుతో తిరుగుతున్న పల్లె బస్సులకు మూలం 2002లో మొదలైన గ్రామీణ రవాణా కార్యక్రమం.

ఇక ప్రయాణం సంగతి. డ్రమ్‌షాన్‌బో నుంచి లీట్రిమ్ అనే చిన్న ఊరి మీదుగా కారిక్‌కు దూరం సుమారు 13 కిలోమీటర్లు. కౌంటీకి పేరిచ్చింది ఆ చిన్న ఊరే. నేను ఎక్కిన ప్రతిసారీ బస్సు శుభ్రంగానే ఉంది, వెచ్చగా కూడా ఉంది. అయితే నా మనసుకు బాగా పట్టినవి డ్రైవర్ల చిన్న చిన్న అలవాట్లు. చేతికర్రతో ఒక పెద్దావిడ ఎక్కుతుంది. ఆమె సీట్లో కుదురుకుని, సంచీని కాళ్ల మధ్య పెట్టుకుని, సీటు బెల్టు బిగించుకునేదాకా డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉంటాడు, ఆ తర్వాతే బస్సు కదులుతుంది. వెనక ఎంత ఆలస్యమవుతున్నా ఎవరూ విసుక్కోరు. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థాంక్స్ చెప్పే దిగుతారు, బడి పిల్లలతో సహా. ఎదురుగా వచ్చే ట్రాక్టరు మనిషి స్టీరింగ్ మీదనుంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తి పలకరిస్తాడు, మన డ్రైవరూ అలాగే బదులిస్తాడు. ఊరికి కొత్తగా వచ్చిన నాకు ఇక్కడి మనుషులతో మొదటి పరిచయం ఈ బస్సులోనే జరిగింది.

ఛార్జీల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2022లో ప్రజారవాణా ఛార్జీలను 20 శాతం తగ్గించారు. 19 నుంచి 25 ఏళ్ల వయసువారు లీప్ అనే ప్రయాణ కార్డుతో సగం ఛార్జీకే వెళ్లవచ్చు. 66 ఏళ్లు నిండినవారికి ప్రయాణం ఉచితం. ఆ ఉచిత ప్రయాణ పథకం 1967 నుంచీ అమల్లో ఉంది. కానీ ఊరికి బస్సే లేని చోట ఆ పాసు పర్సులో పడి ఉండవలసిందే కదా. అందుకే పల్లెలకు బస్సు వేయడమంటే, పాత హక్కుకు ఇన్నాళ్లకు ప్రాణం పోయడమని నేను అనుకుంటాను. కొన్నిచోట్ల ముందుగా ఫోన్ చేసి చెబితే ఇంటి గుమ్మం దాకా వచ్చే బస్సు కూడా ఉంది. ప్రధాన రహదారికి దూరంగా ఉన్న ముసలివాళ్లకు పింఛను రోజున, డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున దాన్ని మించిన ఆసరా లేదు.

అసలు లోటు స్టాపు దగ్గర ఉంది. ఇందులో బస్సు నడిపేవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, రోడ్డు పక్క నేల వారి చేతిలో ఉండదు. గ్రామీణ ఐర్లండ్‌లో చాలాచోట్ల స్టాపు అంటే పాతిన ఒక స్తంభం, దానికి తగిలించిన వేళల పట్టిక. వెనక ముళ్లకంచె, కాళ్ల కింద తడిసిన గడ్డి, ముందు రెండు వాహనాలు కష్టంగా తప్పుకునే రోడ్డు. పైకప్పు లేదు, బల్ల లేదు, దీపం లేదు. డిసెంబరులో ఇక్కడ ఉదయం తొమ్మిది కావస్తుంటే గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. ఆ నెలల్లో డ్యూటీకి వెళ్లేవారూ వచ్చేవారూ పసుపుపచ్చని మెరుపు జాకెట్టు తొడుక్కుని, చేతిలో టార్చి పట్టుకుని నిలబడతారు. అట్లాంటిక్ నుంచి వచ్చే వాన నిటారుగా కురవదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు దానికి ఆగదు.

దీన్ని కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూడకూడదు. వీల్‌చైర్ ఎక్కించగలిగే బస్సు వచ్చినా, దాని ర్యాంపు దించడానికి చదునైన గట్టు లేకపోతే ఆ ఏర్పాటు ఎవరికి ఉపయోగం? మా వీధిలో ఒక పెద్దాయన చక్రాల వాకర్‌తో నడుస్తాడు. ఇంటి నుంచి స్టాపుకు ఉన్నది మూడు వందల అడుగులే, కానీ దారిలో సగం దూరం కాలిబాట లేదు. ఆ సగం కోసమే ఆయన బస్సు మానేసి కూతురి కారు కోసం ఎదురుచూస్తాడు. 2025 ఫిబ్రవరి 7 నుంచి గ్రామీణ స్థానిక రోడ్లపై వేగ పరిమితిని గంటకు 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించడం వల్ల నడిచేవారికి కొంత ధైర్యం వచ్చింది. అంచునే నడవక తప్పని రోడ్డులో 60 కూడా చిన్న వేగమేమీ కాదు.

జాతీయ రవాణా సంస్థ 2021లో ముందుకు తెచ్చిన కనెక్టింగ్ ఐర్లండ్ ప్రణాళిక, పల్లెలకు దగ్గరి పట్టణంతో రోజుకు కనీసం 3 రానుపోను సర్వీసులు ఉండాలన్న కొలమానం పెట్టుకుంది. ఒక్క బస్సు కూడా లేని ఊరికి మూడు అంటే జీవితమే మారిపోతుంది. అయితే మూడు సర్వీసులు ఎంతవరకు పనికొస్తాయన్నది వాటి వేళలు దేనితో కలుస్తాయన్నదాన్ని బట్టి ఉంటుంది. లీట్రిమ్‌వాసులు చాలామంది పెద్దాసుపత్రి కోసం పొరుగు కౌంటీలోని స్లైగో పట్టణానికి వెళ్లాలి. కారిక్ స్టేషన్ డబ్లిన్-స్లైగో రైలు మార్గం మీద ఉంది, కానీ అది షానన్ నది అవతల, రాస్‌కామన్ కౌంటీ వైపు ఉంది. పట్టణంలో బస్సు దిగి, వంతెన దాటి, సంచీలు మోసుకుంటూ స్టేషన్‌కు చేరాలంటే వయసులో ఉన్నవారికి పెద్ద పని కాదు. మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం ఆ నడకే ప్రయాణమంతటిలోకీ కష్టమైన భాగం. బస్సు వేళ రైలు వేళకు పది నిమిషాలు ముందుంటే అది ఒకే ప్రయాణం, అయిదు నిమిషాలు వెనకపడితే సగం రోజు పోయినట్లే. వేళలు నిర్ణయించేవారు కొత్త బస్సు ఒకటి వేయడానికి పెట్టే శ్రద్ధ ఈ కలయికల మీద కూడా పెట్టాలని నా కోరిక.

ఇది చేయలేని దేశం కాదు. 1946 నవంబరులో ఉత్తర డబ్లిన్ ప్రాంతంలోని కిల్‌సాలహన్‌లో మొదటి విద్యుత్ స్తంభం పాతి, ఆ తర్వాతి దశాబ్దాలలో కొండల మధ్య ఇళ్లకు కూడా కరెంటు తీసుకెళ్లింది. 2019 నవంబరులో సంతకమైన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ ఒప్పందం, వ్యాపార సంస్థలు పట్టించుకోని 5 లక్షల 60 వేల దాకా ఇళ్లనూ పొలాలనూ దుకాణాలనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఫైబర్ తీగ వేసే పని. మా పక్క దారిలో ఆవుల కొట్టం దాటాక ఒంటరిగా ఉన్న ఇంటికి కూడా తీగ వచ్చింది. ఆ ఇంటి ముసలమ్మ ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న మనవడితో వీడియోలో మాట్లాడుతుంది. తీగ వేసేటప్పుడు ఇంటింటినీ లెక్కపెట్టినట్లే స్టాపు స్టాపునూ లెక్కపెట్టాలి: ఎక్కడ గట్టు లేదు, ఎక్కడ దీపం లేదు, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయి. ఖర్చు కూడా తీగతో పోలిస్తే ఎంతో తక్కువ. రెండు గజాల కాంక్రీటు పలక, ఒక బల్ల, గాలివైపు ఒక అడ్డు, సూర్యరశ్మితో ఛార్జి అయ్యే చిన్న దీపం, ఇంతే.

బస్సులో ప్రయాణానికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను. వేళలకు మూడు, స్టాపులకు ఒకటిన్నర. కొత్తగా వచ్చేవారు ఇల్లు అద్దెకు చూసుకునేటప్పుడు వంటగది కన్నా ముందు స్టాపు దాకా కాలిబాట ఉందో లేదో నడిచి చూడండి, అదీ చీకటి పడ్డాక. మంచి వాన కోటు, మెరుపు జాకెట్టు మొదటి జీతంతోనే కొనుక్కోండి. బస్సు కనబడగానే చేయి చాచి చూపాలి. ఊరికే నిలబడితే మీరు ఎక్కడం లేదనుకుని డ్రైవరు వెళ్లిపోవచ్చు.