గిన్నెలు మాత్రం ఆన్‌లైన్‌లో వద్దు, బేగంబజార్ పోండి

హైదరాబాద్ బేగంబజార్ స్టీల్ సామాన్ల షాపుల గురించి రాయాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా. మా చుట్టాల్లో, ఆఫీసులో ఎవరు కొత్తగా ఇల్లు పెట్టినా ఫస్ట్ చేసే పని ఫోన్ తీసి యాప్‌లో కిచెన్ సెట్ అని కొట్టి, పైన వచ్చిందేదో కార్ట్‌లో వేసేయడం, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తది. వంట సామాను ఇరవై ముప్పై ఏళ్ళు ఇంట్లో ఉండే వస్తువు, మా అమ్మ పెళ్ళిలో ఇచ్చిన సర్వలో ఇప్పటికీ మా ఇంట్లో పప్పు ఉడుకుతది. అలాంటిది చేత్తో పట్టుకోకుండా ఎట్లా కొంటారు?

నేను ఆన్‌లైన్‌కి వ్యతిరేకం కాదు, ముందే చెప్తున్నా. వాటర్ ఫిల్టర్ క్యాండిల్, మిక్సీ జార్ కింద కప్లర్, ఫోన్ చార్జర్, పిల్లల పుస్తకాలు అన్నీ నేను ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తా. కప్లర్ కోసం కోఠి దాకా పోయి నాలుగు షాపులు తిరిగే ఓపిక ఎవరికుంది. మోడల్ నంబర్ కొడితే అదే వస్తువు కరెక్ట్‌గా ఇంటికొస్తది, తేడా వస్తే మార్చి ఇస్తారు. కానీ తపేలాకి మోడల్ నంబర్ ఏముంటది? దాని మందం, బరువు, అడుగు, అంచు ఇవే దాని మోడల్ నంబర్, అవి ఫోటోలో కనపడవు.

మా చెల్లి పెళ్ళయ్యాక మణికొండలో కాపురం పెట్టింది, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సాఫ్ట్‌వేరే, టైం లేదని ఒక పెద్ద యాప్‌లో అయిదు తపేలాల సెట్ తెప్పించింది. ఫోటోలో మూతలతో సహా నిండుగా, పొయ్యి మీద పెట్టి తీసినట్టు పెద్దగా ఉన్నయ్. డబ్బా విప్పితే మూతల్లేవ్, కింద ఎక్కడో సన్నక్షరాల్లో ఫోటో చూపించడానికి మాత్రమే అని రాసుంది. అన్నిట్లోకి పెద్దదాంట్లో లీటరున్నర పాలు పోస్తే పొంగడానికి జాగా లేదు. రెండు బొటన వేళ్ళతో అంచు నొక్కితే లోపలికి వంగుతుంది. మొదటి రోజే పాలు అడుగంటి మాడు వాసన. లిస్టింగ్‌లో మాత్రం ప్రీమియం, హెవీ గేజ్ (అంటే మందం రేకు) అని రాశారు, ఎన్ని గేజో లేదు, ఎన్ని గ్రాములో లేదు, ఏ గ్రేడ్ స్టీలో లేదు.

మరి అంత మంచి రేటింగ్ ఎట్లా వచ్చిందా అని కూర్చుని రివ్యూలు చదివా. చాలావరకు డబ్బా విప్పిన రోజే రాసినవి. షైనింగ్ బాగుంది, ప్యాకింగ్ బాగుంది, డెలివరీ ఫాస్ట్. రెండు నెలలు వండాక వచ్చి రాసినవి వెతికితే గానీ దొరకలేదు, అవన్నీ ఒక్కటే మాట, పల్చగా ఉంది, మాడుతుంది. గిన్నె సంగతి వండితేనే తెలుస్తది కాబట్టి ఆ రేటింగ్‌ని నేనైతే లెక్కలోకి తీసుకోను.

వాపసు కూడా తేలిగ్గా కాలేదు. చెల్లి ఇంట్లోనే ఉన్నా కస్టమర్ అందుబాటులో లేరని పికప్ క్యాన్సిల్ చేశారు, మళ్ళీ రిక్వెస్ట్ పెడితే మళ్ళీ అదే కథ, చాట్‌లో బాట్ తప్ప మనిషి దొరకడు. ఇది అందరికీ పనికొస్తదని రాస్తున్నా, 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి ఆన్‌లైన్ కంపెనీకి ఒక గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే ఆయన, ఉండాలి, ఆయన పేరు, ఎట్లా కాంటాక్ట్ చేయాలో సైట్‌లో పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చెల్లి ఆ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టి, 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కూడా కంప్లైంట్ చేస్తాం అని రాశాకే కదిలారు, డబ్బులు వాపసొచ్చినయ్.

అప్పుడు అమ్మ, నేను, చెల్లి ముగ్గురం కలిసి బేగంబజార్ పోయాం. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి అక్కణ్ణుంచి ఆటో. కార్‌లో మాత్రం పోకండి, ఆ గల్లీల్లో తోపుడు బండ్లు, హమాలీలు, బండ్ల మీద బస్తాలు, పార్కింగ్ వెతకడానికే ప్రాణం పోతది. నిజాంల కాలం నుంచి ఉన్న బజార్ అది, ఒక గల్లీ డ్రై ఫ్రూట్స్, ఒక గల్లీ మసాలాలు, ఒక గల్లీ ఇత్తడి, ఒక గల్లీ స్టీల్, ఏది కావాలో చెప్తే ఎవరైనా చెయ్యి చూపిస్తారు.

స్టీల్ షాప్‌లోకి పోతే పైకప్పు దాకా గిన్నెలే. ఒక చోట పెద్దాయన, మార్వాడీ సేట్, మూడు తరాల నుంచి అక్కడే ఉన్నారట, తెలుగు మనకంటే బాగా మాట్లాడుతారు. "ఎంతమందికి వండుతవ్ బేటా? గ్యాసా, ఇండక్షనా?" అని అడిగాడు ముందు, గిన్నెలు తర్వాత తీశాడు. ఏ యాప్ అయినా ఈ ప్రశ్న అడిగిందా చెప్పండి.

మూడు తపేలాలు తీసి చెల్లి చేతికిచ్చాడు. చూడ్డానికి మూడూ ఒకే సైజు, ఒకే మెరుపు, పట్టుకుంటే ఒకటి అరచేతిలో ఖాళీ డబ్బాలా తేలిపోతుంది, ఒకటి మణికట్టుకి బరువు తెలుస్తుంది. తర్వాత గిన్నెని కౌంటర్ అద్దం మీద పెట్టి వేలితో అంచు ఒక పక్క నొక్కాడు, ఊగలేదు. ఊగితే అడుగు సమంగా లేదని, గ్యాస్ మీద ఒకవైపే వేడెక్కుతదని, ఇండక్షన్ మీద అయితే ఇంకా ఇబ్బందని చెప్పాడు. అంచు మడత చుట్టూ గోరు పెట్టి తిప్పి చూపించాడు, మడతలో సందుంటే కడిగిన నీళ్ళు అందులో ఆగి నల్లగా అవుతదంట. మా అమ్మ ఇవన్నీ ముందే తెలిసినట్టు తలూపుతూ కూర్చుంది, ఆమె కూడా వాళ్ళ అమ్మతో ఇట్లాగే షాపుల్లో నేర్చుకుంది మరి.

గేజ్ లెక్క కూడా తెలుసుకోండి, చాలామంది ఉల్టా అనుకుంటారు. నంబర్ తక్కువైతే రేకు మందం ఎక్కువ, అంటే 24 గేజ్ కంటే 20 గేజ్ మందంగా ఉంటది. స్టీల్‌కి వేడిని చుట్టూ పంచే గుణం తక్కువ, రేకు పల్చగా ఉంటే మంట తగిలిన చోటే కాలుతది, అందుకే పాలు, పాయసం అడుగంటుతయ్. ట్రైప్లై అంటున్నారు కదా ఇప్పుడు, రెండు స్టీల్ పొరల మధ్య అల్యూమినియం పెట్టేది ఇందుకే, అల్యూమినియం వేడిని బాగా పంచుతది. చెల్లికి కూర కడాయి ఒక్కటి ట్రైప్లై తీసుకున్నాం, మిగతావి మామూలు మందం గంజులే.

ఇక్కడ ఒక విషయంలో బజార్‌ని కూడా నమ్మొద్దు. వేరే షాప్‌లో ఒకతను అయస్కాంతం తెచ్చి గిన్నెకి పెట్టి, "చూడండి అక్కా, అంటుకోలేదు, పక్కా 304" అన్నాడు. అది రుజువు కాదు. 304 అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టీల్, దానికి అయస్కాంతం మామూలుగా అంటుకోదు, నిజమే, కానీ నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచి చేసే 202 రకానికి కూడా అంటుకోదు, అది 304 కంటే చవక. అంటుకునేది 430 రకం. మళ్ళీ ఇండక్షన్ స్టవ్‌కి అయితే అడుక్కి అయస్కాంతం అంటుకోవాల్సిందే, లేకపోతే స్టవ్ పని చేయదు. కాబట్టి అయస్కాంతం చూడాల్సింది ఇండక్షన్ కోసం, గ్రేడ్ కోసం గిన్నె మీద ముద్ర చూడండి, బిల్లులో గ్రేడ్ రాయమనండి. మా సేట్ రాసిచ్చాడు, ఆ రెండో షాప్ అతను రాయనన్నాడు, అక్కడే అర్థమైపోయింది.

కుక్కర్ దగ్గర మాత్రం ఎక్కడ కొన్నా అస్సలు రాజీ పడొద్దు. 2021 ఫిబ్రవరి నుంచి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి, స్టాండర్డ్ నంబర్ ఐఎస్ 2347. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ మార్క్ లేని కుక్కర్లు తమ సైట్లలో అమ్మనిచ్చినందుకు కొన్ని పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకి లక్ష చొప్పున ఫైన్ వేసింది, అంటే పెద్ద పేరు చూసి కళ్ళు మూసుకుని కొనడానికి లేదు. ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్స్ నంబర్ ఉంటది, బీఐఎస్ కేర్ అని ప్రభుత్వ యాప్ ఉంది, అందులో ఆ నంబర్ కొడితే అది ఏ కంపెనీది, ఇంకా నడుస్తుందా లేదా వచ్చేస్తది. చెల్లి షాప్‌లోనే నిలబడి కొట్టి చూసింది, సేట్ ఏమీ అనుకోలేదు, పైగా "ఇంకోటి కూడా చూస్కో బేటా" అన్నాడు.

రేట్ల సంగతి. చాలా షాపుల్లో స్టీల్ కిలోల లెక్కన తూకం వేసి ఇస్తారు, కిలో రేటు మారుతుంటది, ఫస్ట్ అదే అడగండి, తర్వాత బేరం. షోరూంల కంటే మాకు తక్కువే పడింది, కానీ ఆన్‌లైన్‌లో సేల్ పెట్టిన రోజు కనపడే రేటు కంటే తక్కువ వస్తదని ఆశ పెట్టుకోకండి, అక్కడి చవక పల్చటి రేకుకి. ఇంకోటి, రీల్స్ చూసి వచ్చేవాళ్ళు ఆ రేటే కావాలని గొడవ పడుతున్నారు, రీల్‌లో చెప్పేది ఎక్కువగా హోల్‌సేల్ రేటు, డజను తీసుకుంటేనే. వీడియో కింద అది కూడా చెప్తే బాగుండు, అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చినోళ్ళని ఉసూరుమనిపించడం న్యాయం కాదు.

బిల్లు అడిగి తీసుకోండి. చిన్న చిట్టీ మీద లెక్క రాసిస్తారు, అది కాదు, జీఎస్టీ ఉన్న పక్కా బిల్లు. దాని కింద అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని అచ్చేసి ఉంటది, దాన్ని చూసి భయపడొద్దు. మీకు నచ్చలేదంటే తీసుకోకపోవచ్చు గానీ, సరుకులో లోపముంటే అట్లా కాదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బులివ్వడానికి నిరాకరిస్తే అది అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికొస్తది. మాకైతే ఇంటికెళ్ళాక ఒక ఇడ్లీ ప్లేటు కాడ వదులుగా కనిపించింది, ఫోటో పంపితే తెచ్చియ్యమన్నారు, మార్చి ఇచ్చారు. అది కూడా ఊరికే రాలేదు, మణికొండ నుంచి మళ్ళీ అంత దూరం పోవాలి, ఈ ఒక్క విషయంలో ఆన్‌లైన్‌దే పైచేయి, పికప్ సరిగ్గా వస్తే.

నాకు అన్నిటికంటే నచ్చింది పేర్లు కొట్టించడం. షాప్ బయట మెట్ల మీద ఒకతను చిన్న కరెంట్ మెషిన్ పట్టుకుని కూర్చుంటాడు, సూది గిర్రుమంటూ ఉంటది, కాగితం మీద గీత కూడా గీసుకోకుండా నేరుగా స్టీల్ మీద తెలుగులో గుండ్రంగా అక్షరాలు చెక్కేస్తాడు. అమ్మ ప్రతి గిన్నె మీదా చెల్లి పేరు, పెళ్ళి తేదీ కొట్టించింది. ఎవరింట్లో అయినా ఫంక్షన్ అయితే గిన్నెలు ఇల్లిల్లూ తిరుగుతయ్, పేరుంటే ఎన్నాళ్ళకైనా ఇంటికి చేరతది. మేం అక్కడ సామాన్లు కొన్నందుకు ఆ పనికి విడిగా డబ్బులు తీసుకోలేదు.

షాపులు కూడా మారినయ్, అది ఒప్పుకోవాలి. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్, సేట్ మనవడు వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి గిన్నెలు తూకం వేసి మరీ చూపిస్తాడు, సామాను ఆటోలో వేసి ఇంటికి పంపిస్తారు, కిరాయి మనదే. ఒకసారి పోయి చూసొచ్చిన షాప్ అయితే తర్వాత మూతో, జల్లి గరిటో కావాలంటే ఇట్లా తెప్పించుకోవచ్చు, మా చెల్లి ఇప్పుడు అదే చేస్తుంది, పోపుల డబ్బా అట్లాగే తెప్పించింది. అసలు ఈ బజార్ వాళ్ళందరూ కలిసి బరువు, గేజ్, గ్రేడ్ మూడూ రాసి ఫోటోలు పెడితే పెద్ద యాప్‌లు కూడా రాయక తప్పదు అనిపిస్తది నాకు.

ఇబ్బందులు కూడా రాస్తున్నా, తెలిసే పోండి. ఆడవాళ్ళకి టాయిలెట్ కావాలంటే చాలా కష్టం, పోయేముందే చూసుకోండి. మధ్యాహ్నం ఎండలో ఆ గల్లీల్లో ఊపిరాడదు, మంచినీళ్ళ బాటిల్ ఉంచుకోండి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కూర్చునే చోటుండదు, మేం అమ్మ కోసం స్టూల్ అడిగి తీసుకున్నాం. ఆదివారం చాలా షాపులు మూసుంటయ్. ధన్‌తేరస్ వారం అస్సలు వద్దు, గిన్నెలు కొనడానికి ఊరంతా అక్కడే ఉంటది, మీతో మాట్లాడే తీరికే ఉండదు వాళ్ళకి. మామూలు రోజు పొద్దున పదకొండు దాటాక పోతే షాపులు తెరిచి, రద్దీ ఇంకా పెరగకముందు నిదానంగా చూపిస్తారు, సంచులు మాత్రం ఇంటి నుంచే తీసుకుపోండి.