హీట్ పంపుకి హనీవెల్ టీ6 ప్రో: నాలుగు చలికాలాల వాడకం తర్వాత

అమెరికాలో షార్లెట్, రాలీ, అట్లాంటా వైపు ఇళ్లలో తరచూ కనిపించే అమరిక ఇది: బయట హీట్ పంపు (చలికాలంలో వేడినీ, వేసవిలో చల్లదనాన్నీ ఇచ్చే యూనిట్), అటకలో ఎయిర్ హ్యాండ్లర్ (గాలిని గదుల్లోకి నెట్టే ఫ్యాను పెట్టె), దాని లోపల 10 కిలోవాట్ల హీట్ స్ట్రిప్పులు (కరెంటు హీటర్లు). అలాంటి సిస్టమ్ మీద హనీవెల్ టీ6 ప్రో థర్మోస్టాట్ (టీహెచ్6320యూ2008) నాలుగు చలికాలాలుగా నడుస్తోంది. దీనికి వైఫై లేదు, ఫోన్‌తో నడపాలనుకునేవాళ్లు ఇది కొనొద్దు. నాకు బాగా నచ్చింది వెనక ప్లేటు. తీగ కొనను సెంటీమీటరు మేర ఒలిచి దూరిస్తే గట్టిగా పట్టుకుంటుంది. ముందు భాగం లాగితే ఊడి వస్తుంది కాబట్టి ఏ తీగ ఎక్కడుందో కళ్లముందే కనిపిస్తుంది. వైరింగ్ సమస్య వెతికేవాళ్లకి అదే సగం పని.

పెట్టేముందు ఎయిర్ హ్యాండ్లర్ బ్రేకరు, బయటి యూనిట్ బ్రేకరు రెండూ దించండి. గోడలోంచి వచ్చేవి లావుపాటి 240 వోల్టుల తీగలైతే అక్కడితో ఆగిపోండి, ఈ రకం థర్మోస్టాట్ వాటికి పనికిరాదు. సన్నటి 18 గేజి తీగలైతే పాత థర్మోస్టాట్‌కి ఫొటో తీసుకోండి, కానీ రంగుల్ని నమ్మొద్దు. ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు మీద ఏ తీగ ఏ అక్షరం కింద ఉందో అదే లెక్క. ఆర్ అంటే 24 వోల్టుల కరెంటు వచ్చే తీగ, సీ అది తిరిగి వెళ్లే దారి, వై కంప్రెసర్‌ది, జీ ఫ్యానుది, డబ్ల్యూ స్ట్రిప్పులది, ఓ/బీ వేడికీ చల్లదనానికీ మధ్య మార్చే రివర్సింగ్ వాల్వ్‌ది. ముఖ్యంగా ట్రేన్ కంపెనీ పాత సిస్టముల్లో ‘బీ’ అంటే కామన్, అంటే సీ. దాన్ని అక్షరం చూసి ఓ/బీలో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ అవుతుంది.

హైదరాబాదులో హాట్ అండ్ కోల్డ్ స్ప్లిట్ ఏసీకి రిమోట్ నొక్కితే రివర్సింగ్ వాల్వ్ సంగతి అదే చూసుకుంటుంది. ఇక్కడ ఆ వాల్వ్‌కి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో థర్మోస్టాట్‌కి మనం చెప్పాలి. మధ్య బటను, ప్లస్ బటను కలిపి మూడు సెకన్లు నొక్కిపడితే ఇన్‌స్టాలర్ మెనూ వస్తుంది. అందులో 200వ సెట్టింగులో సిస్టమ్ రకాన్ని హీట్ పంపుగా మార్చాలి. కన్వెన్షనల్ (ఫర్నేస్ రకం) అని వదిలేస్తే వేడి అడిగినప్పుడు కంప్రెసర్‌కి వై సిగ్నలే వెళ్లదు. 218వ సెట్టింగు ఓ/బీది. క్యారియర్, ట్రేన్, లెనాక్స్, గుడ్‌మన్‌లలో వాల్వ్‌కి కూలింగ్‌లో కరెంటు ఉంటుంది, రీమ్, రూడ్‌లలో మామూలుగా హీటింగ్‌లో. ఇది తలకిందులైతే హీట్ పెట్టినప్పుడు చల్లగాలి, కూల్ పెట్టినప్పుడు వేడిగాలి వస్తాయి. మొదటి రకంలో ఆరెంజ్ (ఓ) తీగ ఊడిపోతే చలికాలమంతా ఏ తేడా తెలియదు. ఏప్రిల్‌లో కూలింగ్ పెట్టిన రోజే బయటపడుతుంది.

తెల్ల (డబ్ల్యూ) తీగ దగ్గర జరిగే పొరపాటు బిల్లులో కనిపిస్తుంది. పాత థర్మోస్టాట్‌లో డబ్ల్యూ1 కింద ఉన్న తీగ ఇక్కడ ఆక్స్/ఈలోకి (స్ట్రిప్పుల టెర్మినల్) రావాలి. పొరపాటున ఓ/బీలోకి వెళ్తే, వాల్వ్‌కి సిగ్నల్ వెళ్లాల్సిన ప్రతిసారీ స్ట్రిప్పులు వెలుగుతాయి. 10 కిలోవాట్లంటే 240 వోల్టుల మీద దాదాపు 42 ఆంపులు. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి తెస్తుంటే స్ట్రిప్పు ఒక్క యూనిట్ మాత్రమే ఇస్తుంది. బయటి యూనిట్ దగ్గర కూడా డబ్ల్యూ తీగ కలిసి ఉండాలి. మంచు కరిగించే డీఫ్రాస్ట్ సమయంలో స్ట్రిప్పుల్ని పిలిచేది అదే. అది లేకపోతే ఆ కొద్ది నిమిషాలూ గదిలోకి చల్లగాలి కొడుతుంది, జనం హీట్ పంపు పాడైందనుకుంటారు.

ఈ మోడల్లో రెండు ఏఏ బ్యాటరీలు కూడా వేసుకోవచ్చు. సీ తీగ లేని పాత ఇళ్లకి ఇది వరం. అయితే సీ ఉండి బ్యాటరీలు కూడా ఉంటే, 24 వోల్టులు పోయినా స్క్రీన్ బతికే ఉంటుంది. ‘కూల్ ఆన్’ అని చూపిస్తుంటే లోపం వేరేచోట వెతుకుతారు. కాబట్టి సిస్టమ్ నడవనప్పుడు ముందుగా బ్యాటరీలు తీసేసి చూడండి. స్క్రీన్ ఆరిపోతే ఆర్, సీ మధ్య మీటర్ పెట్టండి. 24 నుంచి 28 వోల్టుల ఏసీ రావాలి. వేసవిలో రాకపోతే ఫ్యూజుకన్నా ముందు అటకలోని నీళ్ల పళ్లెం చూడండి. డ్రెయిన్ పైపు పూడుకుపోయి నీళ్లు నిండితే ఫ్లోట్ స్విచ్ ఆర్ తీగలో కరెంటు ఆపేస్తుంది. పైపు శుభ్రం చేస్తే అన్నీ వాటంతటవే వస్తాయి.

నీళ్లు లేవంటే బోర్డు మీది ఫ్యూజు. ఊదారంగుదైతే 3 ఆంపులు, లేత గోధుమరంగుదైతే 5. అది కాలితే మళ్లీ అంతే విలువది వేయాలి, పెద్దది వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఇక షార్ట్ ఎక్కడో పట్టుకునే పద్ధతి: బయటి యూనిట్ డిస్‌కనెక్ట్ (దాని పవర్ ఆపే స్విచ్) లాగేయండి, అప్పుడు కంప్రెసర్ తరచూ ఆగి తిరిగే ప్రమాదం ఉండదు. బ్రేకరు దించి, ప్లేటు నుంచి తీగలన్నీ విడదీసి, కొత్త ఫ్యూజు వేసి బ్రేకరు ఎత్తండి. వెంటనే కాలితే ఆర్ తీగే ఎక్కడో సీని తాకుతోంది. నిలబడితే ఆర్‌ని జీకి, తర్వాత వైకి, తర్వాత ఓకి ఒక్కొక్కటిగా తాకించండి. డబ్ల్యూకి తాకించేటప్పుడు జీ కూడా కలిసి ఉండాలి, ఫ్యాను లేకుండా స్ట్రిప్పులు వెలగకూడదు. ఏ తీగను తాకించినప్పుడు ఫ్యూజు పోతుందో అదే దోషి. ఎక్కువసార్లు అది వై అవుతుంది: ఎండకి పెళుసైన కేబులో, గడ్డి కోసే యంత్రం తగిలిన చోటో. తీగలు విప్పి, బయటి యూనిట్‌లో కంప్రెసర్‌ని ఆన్ చేసే కాంటాక్టర్ కాయిల్ కొలిస్తే సుమారు 8 నుంచి 20 ఓములు రావాలి. సున్నా దగ్గర ఉంటే కాయిలే పోయింది. ఫ్యూజులు వృథా కాకుండా ఫ్యూజు చోట పెట్టే 3 ఆంపుల రీసెట్ బ్రేకర్ ఒకటి దగ్గర పెట్టుకోవడం మేలు.

వై, సీ మధ్య 24 వోల్టులు వెళ్తున్నా బయటి యూనిట్ కదలకపోతే థర్మోస్టాట్ పని పూర్తయినట్టే. కంప్రెసర్ మళ్లీ మొదలయ్యే ముందు ఉండే ఐదు నిమిషాల ఆలస్యం దాటాక అదే కొలత బయట తీయండి. అక్కడ లేకపోతే మధ్య కేబుల్లో తెగింది.

అన్నీ సరిగ్గా ఉండి గది ఉష్ణోగ్రత మాత్రం తప్పు చూపిస్తుంటే గోడలో తీగలొచ్చే రంధ్రం చూడండి. అందులోంచి అటక గాలి వస్తుంటుంది. కాస్త పుట్టీతో మూసేస్తే సరిపోతుంది.