కారు ముందు అద్దం లోపలివైపు తుడిచే పొడవు పిడి వైపర్: నా సమీక్ష

కారు ముందు అద్దానికి బయట ఎంత దుమ్ము పట్టినా వైపర్లు, నీళ్లు కలిసి వదిలిస్తాయి. లోపలివైపు పట్టే మసకను మాత్రం చేత్తోనే తుడవాలి. అద్దమూ డాష్‌బోర్డూ కలిసే ఇరుకులోకి ఆ చెయ్యి సరిగ్గా దూరదు. నల్లగొండ క్లాక్ టవర్ ప్రాంతంలోని ఒక కార్ డెకార్స్ దుకాణంలో 280 రూపాయలకు కొన్న పొడవు పిడి మైక్రోఫైబర్ వైపర్ సరిగ్గా ఈ ఇబ్బంది కోసమే తయారైన వస్తువు. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వాడి చూశాను. కొనమనే చెబుతాను, అయితే దానితోపాటు వచ్చే సరంజామా ఒక్కటే సరిపోదు.

ఆ మసక కేవలం దుమ్ము కాదు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మెత్తగా ఉండేందుకు కలిపే రసాయనాలు వేడికి ఆవిరై, అద్దానికి పలుచని జిడ్డు పొరలా అంటుకుంటాయి. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే మన జిల్లాలో, నీడలేని చోట కిటికీలు మూసి నిలిపిన కారులో ఆ పొర త్వరగా పేరుకుంటుంది. కొత్త కార్లలో ఇంకా ఎక్కువ. వాటర్ సర్వీసింగ్ చేసేచోట డాష్‌బోర్డుకు పాలిష్ పట్టించిన గుడ్డతోనే అద్దాన్ని కూడా తుడిచేస్తే దానికి సిలికాన్ జిడ్డు తోడవుతుంది. మామూలు పగటి వెలుతురులో ఇదేదీ పెద్దగా తెలియదు. సాయంత్రం చిట్యాల దాటి చౌటుప్పల్ వైపు ఎండకు ఎదురుగా వెళ్తున్నప్పుడో, రాత్రి డివైడర్ లేని రోడ్డు మీద ఎదురు లారీ లైట్లు పడినప్పుడో అద్దమంతా తెల్లగా అలుముకుని, వెనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ కూడా దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. వానాకాలంలో అద్దానికి ఆవిరి పట్టడం కూడా ఈ జిడ్డు వల్ల పెరుగుతుంది.

ఇక వస్తువు సంగతి. అరచెయ్యంత తిన్నటి త్రికోణపు పలక, దానికి అన్ని వైపులా వంగే కీలు, రెండు ముక్కలుగా వచ్చి ఒకదానిలో ఒకటి బిగుసుకునే పిడి, పలకకు తొడిగే ఎలాస్టిక్ అంచు మైక్రోఫైబర్ తొడుగులు రెండు, ఒక చిన్న స్ప్రే సీసా ఇచ్చారు. డ్రైవర్ సీటులో కూర్చుని పిడిని ముందుకు తోస్తే పలక అద్దం వాలును అనుసరించి తనంతట తానే వంగుతుంది, దాని మొన డాష్‌బోర్డు మూలదాకా చేరుతుంది. పాత న్యూస్‌పేపర్ ఉండతో ఆ మూలను తుడవబోతే వేళ్లు నొక్కుకుపోవడమే కాక, సిరా పక్కనున్న లేత రంగు లైనింగుకు అంటుకుంటుంది.

తుడిచే ద్రవం విషయంలో మన ప్రాంతంవాళ్లు మరికొంత జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడి బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి, ఆ నీళ్లు ఆరిన చోట తెల్లటి మరకలు మిగులుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో సమపాళ్లలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే జిడ్డు తేలిగ్గా వదులుతుంది. దానికి మంట త్వరగా అంటుకుంటుంది కనుక తలుపులు తెరిచి పని చేయాలి, సీసాను ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు. అద్దాలకు ఎండను తగ్గించే ఫిల్మ్ ఉన్నవారు అమోనియా కలిసిన క్లీనర్ల జోలికి పోకపోవడం మంచిది. ద్రవాన్ని అద్దం మీద కొట్టకుండా తొడుగు మీదే కొట్టాలి, లేకపోతే అది కారి డాష్‌బోర్డు సందుల్లోకి దిగుతుంది. అద్దం కాలుతున్నప్పుడు మొదలుపెడితే తుడిచేలోపే ఆరి చారలు కడుతుంది. పొద్దున్నే గానీ నీడపట్టున గానీ ఈ పని పెట్టుకోవాలి.

మొదటి తొడుగు జిడ్డును కరిగిస్తుంది గానీ పూర్తిగా పీల్చుకోదు. అందుకే వెంటనే రెండో తొడుగును పొడిగా ఎక్కించి మళ్లీ తుడవాలి. లోపల అడ్డంగా, బయట నిలువుగా తుడిస్తే, మిగిలిన చార ఏ వైపుదో దాని దిశను బట్టే తెలిసిపోతుంది. బాగా పేరుకున్న అద్దానికి ఇచ్చిన రెండు తొడుగులూ చాలవు, ఇంకో రెండు విడిగా కొనుక్కోవాల్సిందే. ఉతికేటప్పుడు నూలు తువ్వాళ్లతో కలపవద్దు, ఫాబ్రిక్ కండిషనర్ వేయవద్దు, వేస్తే పీల్చే గుణం పోతుంది.

లోపాలు కూడా ఉన్నాయి. గట్టిగా నొక్కితే కీలు దగ్గరి ప్లాస్టిక్ వంగుతుంది, తొడుగు తడిసి బరువెక్కితే ఒక మూల జారిపోతుంది, స్ప్రే సీసా మూత దగ్గర కారుతుంది. దుకాణంలో పిడి బిగించి, పలకను వేలితో నొక్కి చూసి, కీలు వదులుగా లేని దాన్నే ఎంచుకోండి. మారుతీ ఈకో వ్యాన్ లాంటి నిటారు అద్దం, చిన్న డాష్‌బోర్డు ఉన్న బండికి ఇది అక్కర్లేదు, చేతిగుడ్డ చాలు. అద్దం బాగా వాలుగా ఉన్న సెడాన్లకైతే 280 రూపాయలకు ఇది తగిన వస్తువే. వెనుక అద్దానికి వాడేవారు మాత్రం డీఫాగర్ గీతల (ఆవిరిని వదిలించేందుకు అద్దాన్ని వేడి చేసే సన్నని గీతల) వెంబడి అడ్డంగా, మెత్తగా తుడవాలి. నిలువుగా రుద్దితే ఆ గీతలు తెగే ప్రమాదం ఉంది.